కూజాలో వక్క

"ఏమప్పా రామలింగయ్యా! ఆడోళ్ల చేతులు చూస్తాండావే, జోస్యం నేర్చినావా?"

శెనక్కాయలొలిచే ఆడవాళ్ళకు పెద్దదిక్కు ఓబులమ్మ. ఆమె అంత గట్టిగా అరిచేసరికి నూనె మిల్లంతా గొల్లుమంది. రామలింగయ్య చెవులు ఎర్రబడ్డాయి. పాపం, అతని బాధ అతనిది!

వేంపల్లె నుంచి కోయిలకుంట్లకు వచ్చి, ఆ మిల్లులో కొత్తగా సూపర్‌వైజరుగా చేరాడు. ఉద్యోగం ఖాయమయ్యేదీ కానిదీ ఈ సాయంత్రం తేలిపోతుంది. మిల్లు యజమాని పుల్లయ్యశెట్టి మద్రాసులో ఎవరో చెప్పగా విని ఒక పద్ధతి పట్టుకొచ్చాడు. మనిషి ఎలాంటివాడో పైవాడొక్కడు చెబితే చాలదట, పక్కవాళ్ళూ కిందివాళ్ళూ కూడా చెప్పాలట. ఎవరేమన్నదీ బయటికి పొక్కకూడదట.

చదువు రానివాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ కలిపి గోనెపట్టా తెర వెనక ఒక కూజా పెట్టించాడు. ఉండాలనుకుంటే శెనగ్గింజ, పొమ్మనుకుంటే చింతగింజ వేయాలి. వేసి వచ్చినవాళ్ళ బొటనవేలి గోటికి స్టాంపు సిరా చుక్క. అందరూ వేసేదాకా కూజా వంచరు. చింతగింజలు ఎక్కువైతే వేంపల్లె బస్సే గతి.

చుక్కలు పెట్టే పని ఆఫీసులో టైపు కొట్టే సుందరలక్ష్మిది.

"ఇంకా ఎంతమంది మిగిలినారు?" అని పొద్దున ఆమెను అడిగాడు రామలింగయ్య.

"ఒక్కరు."

"ఎవరు?"

"చెప్పగూడదు."

"ఆడా, మగా?"

"మనిషి," అంది నవ్వాపుకుంటూ.

ఆ తెల్లగోరు కోసమే ఈ వెతుకులాట. ఓబులమ్మ తన బొటనవేలు అతని ముక్కు ముందర ఆడించింది. "నేను మొదటిరోజే ఏసినా. ఏమేసినానో మాత్రం అడగొద్దు!"

మిల్లులో అన్ని గోళ్ళూ నీలంగానే ఉన్నాయి. ఉసూరుమంటూ ఆఫీసుకొచ్చి మంచినీళ్ళడిగాడు. సుందరలక్ష్మి గ్లాసందించింది. ఆమె బొటనవేలి గోటి మీద చుక్క లేదు! అది చూడగానే నీళ్ళు సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

"మీరా!"

"నేనూ ఈడ పనిచేసేదాన్నే కదా."

"మరి ఎందుకు వేయలేదు? వానలో కాయలు తడిసినప్పుడు మీ మీద అరిచినాననా?"

"అరిచినారు. మర్నాడు అందరి ముందర, తప్పు నాదే అని ఒప్పుకున్నారు కూడా."

"అయితే శెనగ్గింజే కదా?"

"ఆ రెండిట్లో ఏదీ సరిపోయేట్టు లేదు," అని తల వంచుకుని టకటకా టైపు కొట్టసాగింది.

రామలింగయ్య గ్లాసు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాడు. చింతగింజ కూడా చాలదంటే ఇంకేముంది, గులకరాయే! ఉద్యోగం పోతే పోయింది, ఈ పిల్ల తనను అంత చెడ్డవాడనుకుంటోందా? అదే తట్టుకోలేకపోయాడు.

సాయంత్రం అందరూ చూస్తుండగా సుందరలక్ష్మి తెర వెనక్కి వెళ్ళొచ్చింది. తన గోటికి తనే చుక్క పెట్టుకుంది. వెంటనే శెట్టి కూజాను పట్టా మీదికి వంచాడు.

అన్నిటికంటే ముందు టక్కున ఒక వక్క దొర్లింది! దాని వెనక బిలబిలా శెనగ్గింజలు, నడుమ ఒకటో రెండో చింతగింజలు.

"ఇదేందప్పా! వక్క ఏసిందెవరు?" అన్నాడు శెట్టి.

అందరూ ఓబులమ్మ వైపు చూశారు. ఆమె నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉంటుంది మరి.

"నా వక్కలు నాకే చాలవు, కూజాలో ఏస్తానా!" అని కసిరింది ఓబులమ్మ.

"పేరు అడగగూడదని మీరే అంటిరి కదా," అంది సుందరలక్ష్మి, మిల్లు కప్పు వైపు చూస్తూ.

"అంటిని, అంటిని! పో రామలింగయ్యా, నీ ఉద్యోగం ఖాయం!"

ఆ మాట అతని చెవికెక్కితే కదా! చివర వేసిందే కూజా మూతి దగ్గర ఉంటుంది. ముందు జారేదీ అదే. చివర వేసింది ఎవరో ఊరంతా చూసింది, అర్థమైంది మాత్రం తనొక్కడికే! వక్కను పిడికిట పట్టుకుని ఒక్క పరుగున ఆమె వెనకే ఆఫీసులోకి వచ్చాడు.

"వక్క దొరికింది," అన్నాడు రొప్పుతూ. "ఆకు యాడుండాది?"

సుందరలక్ష్మి టైపు మిషను మీద గుడ్డ కప్పింది. "మా నాయన దగ్గర ఉండాది. మీ పెద్దోళ్లను తోడుకొని రాండి, ఇస్తాడు."

"ఎప్పుడు రమ్మంటారు?"

"తొందరేం లేదు," అంది ఆమె. "రేపు."