చింతగింజల డబ్బా

గోదావరి దాటే పంటు మీద అరవై మంది ఉన్నారు. అరవై సినిమాలు నడుస్తున్నాయి.

ఎవరి కంటితెర వారి కళ్ళకు ఉంది. ఎవరి నాడిపట్టీ వారి మణికట్టుకు ఉంది. ఒక పెద్దమనిషి పగలబడి నవ్వుతున్నాడు. ఆయన భుజాన్ని ఆనుకుని కూర్చున్న భార్య ఏడుస్తోంది. ఆమె ఎందుకు ఏడుస్తోందో ఆయనకు తెలియదు. ఆయన ఎందుకు నవ్వుతున్నాడో ఆమెకు అక్కర్లేదు. గోదావరి నిండుగా ఉంది. దాన్ని చూస్తున్నవాడు తాతారావు ఒక్కడే. సరంగు కూడా చూడటం లేదు. పంటు తనంతట తనే నర్సాపురం రేవుకు పోతోంది.

తాతారావుకు డెబ్భై ఒకటి. అంబాజీపేట దగ్గర కొబ్బరిపీచు మిల్లులో మెకానిక్‌గా చేసి మానుకున్నాడు. అతని ఒళ్ళో గుడ్డసంచీ ఉంది. సంచీలో పోయిన భార్య సత్యవేణి నాడిపట్టీ, కంటితెర ఉన్న స్టీలు డబ్బా ఉంది. మనిషి పోయిన ఏడాదికి వాటిని రసధార కార్యాలయంలో అప్పగించాలి. వాళ్ళు అందులో ఉన్నదంతా చెరిపేస్తారు. ఆ ఏడాది ఇవాళ్టితో నిండింది. తాతారావు ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యలేదు.

రసధార వచ్చి ఇరవై ఏళ్ళయింది. అందులో సినిమా ముందే తీసిపెట్టి ఉండదు. చూసేవాడి నాడిని బట్టి అప్పటికప్పుడు అల్లుకుంటుంది. ఆవలింత వస్తే ఫైటు వస్తుంది. దిగులు పుడితే పాట వస్తుంది. హీరో ముక్కు నచ్చకపోతే మరో సీనుకల్లా ముక్కు మారిపోతుంది. దాంతో చెత్త సినిమా అన్నది లోకంలో లేకుండా పోయింది. ఎవరు ఎన్ని తిట్టుకున్నా మారని పాత సినిమాలకూ సీరియళ్ళకూ స్థిరచిత్రాలని పేరు పెట్టి మూల పడేశారు.

తాతారావు కాపురం నలభై నాలుగేళ్ళు ఆ స్థిరచిత్రాల మీదే నడిచింది. అందులోనూ నాసిరకం వాటి మీద. రోజూ సాయంత్రం ఆరింటికి మొగుడూ పెళ్ళాం పాత టీవీ ముందు కూర్చునేవారు. మధ్యలో చింతగింజల గిన్నె. సినిమాలో వంక పట్టిన వాళ్ళకి ఒక గింజ. ఊరికే వంక పడితే చాలదు, రెండోవాళ్ళు నవ్వాలి. నవ్వినవాళ్ళే గింజ తీసి ఇవ్వాలి. చివరికి ఎవరి ముందు గింజలు తక్కువుంటే వాళ్ళు లేచి టీ పెట్టాలి. దాదాపు ప్రతి సాయంత్రం టీ పెట్టింది తాతారావే. సత్యవేణి అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు.

తర్వాత ఆమెకు వెన్నులో జబ్బు వచ్చింది. నొప్పి తెలియకుండా ఉంటుందని డాక్టరు రసధార రాసిచ్చాడు. తాతారావు వద్దన్నాడు. ఆమె వేసుకుంది. మొదటి రోజు కంటితెర పెట్టుకుని, "రండి, ఇద్దరం చూద్దాం" అంది.

"అందులో ఇద్దరికి చోటు లేదు. నీ సినిమా నువ్వు చూసుకో" అన్నాడు.

అది అతను ఆమెతో అన్న ఆఖరి పనికిరాని మాట. ఆ తర్వాత ఎనిమిది నెలలు పనికొచ్చే మాటలే అన్నాడు. మందు వేసుకో. అన్నం తిను. పక్కకి తిరుగు. చాకిరీ అంతా తనే చేశాడు. ఎవరికీ వేలెత్తి చూపే సందు ఇవ్వలేదు.

ఒక రోజు మాత్రం అతని మనసు విరిగిపోయింది.

శ్రావణమాసం, మొదటి శుక్రవారం, మధ్యాహ్నం. అతను అరుగు మీద కొబ్బరికాయలు వలుస్తున్నాడు. లోపల్నుంచి సత్యవేణి గొంతు వినిపించింది. "ఏవండీ! వచ్చారా!" ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. పీచు దులుపుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఆమె కళ్ళకు కంటితెర ఉంది. మొహం గోడవైపు ఉంది. నవ్వుతోంది. పిలిచింది తనను కాదు. ఎవణ్ణో.

ఆ సాయంత్రమే అతను మంచం కొబ్బరికాయల కొట్లోకి మార్చుకున్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. అతను చెప్పలేదు. ఆరు వారాలకు ఆమె పోయింది. నలభై నాలుగేళ్ళు తనను పిలిచిన పిలుపుతో ఒక యంత్రాన్ని పిలిచిందని తాతారావు ఆమెను క్షమించలేదు. దినాలు పెట్టాడు. క్షమించలేదు.

రసధార కార్యాలయం నర్సాపురంలో పాత లేసుల గిడ్డంగిలో ఉంది. బల్ల వెనక నలభై అయిదేళ్ళ మనిషి, శ్రీనిజ అని పేరుబిళ్ళ, తన కంటితెరలో ఏదో చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటోంది. తాతారావు డబ్బా బల్ల మీద టక్కున పెట్టాడు. ఆమె ఉలిక్కిపడి కంటితెర నుదుటి మీదికి జరిపింది.

"ఆయ్, కూర్చోండి బాబాయిగారూ. అప్పగింతాండి?"

"అప్పగింతే."

ఆమె డబ్బా మూత తీసింది. పట్టీ తీసింది. కంటితెర తీసింది. అడుగున గలగలమన్నాయి. "ఇయ్యేంటండి, చింతగింజలూ?"

"మంచం పక్కన ఉండేవి. అందులో పడేసుకుంది కాబోలు. పారెయ్యి."

ఆమె గింజలన్నీ చెత్తబుట్టలో కుమ్మరించింది. పట్టీని బల్లలోని గాడిలో పెట్టింది.

"ఒక్క పద్ధతుందండి. చెరిపేముందు కొంచెం చూసి, ఇది మా మనిషిదేనని మీరు చెప్పాలి. గోడ మీద ఏస్తాను. సినిమా వస్తది, చూసినోళ్ళు పైకి అన్న మాటలూ వస్తాయి. ఏ రోజుదైనా ఒకటే. ఆఖరిది పెట్టమంటారా?"

తాతారావు తల అడ్డంగా ఊపాడు. "శ్రావణం మొదటి శుక్రవారం. మధ్యాహ్నం. ఆవిడ ఎవడితో మాట్లాడిందో నాకు చూడాలనుంది."

శ్రీనిజ అతని మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా తేదీ నొక్కింది.

గోడ మీద సినిమా మొదలైంది. పేరు 'కోడలి కంట్లో కారం'. వరద గోదావరిని ఈదుకుంటూ హీరో ఒడ్డెక్కాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. పాపిడి చెదరలేదు. అత్త తల తిప్పింది. ఉరిమింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఉరిమింది. విలను పక్క మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గురకపెడుతున్నాడు.

శ్రీనిజ నోరు తెరిచింది. "ఇదేంటండి బాబూ, ఇంత దరిద్రంగా ఉందీ? పట్టీ పాడైందేమో!" కింద లెక్కలు చూసింది. "కాదండి. నాడి బ్రహ్మాండంగా ఉంది. మామూలు సినిమాలు చూపిస్తే నాడి లేవలేదండి ఆవిడకి. ఎక్కడైనా తప్పు దొర్లితే లేచేది. అందుకని ఇది తప్పులు పెంచుకుంటా పోయింది. ఇట్టాంటి పట్టీ ఈ జిల్లాలో ఇంకోటి ఉండదు."

తాతారావు ముందుకు వంగాడు. గోడలోంచి సత్యవేణి గొంతు వచ్చింది. నొప్పితో పలచబడిన గొంతు.

"చొక్కా చూడు, చాకలి పడవలో వెనకాలే వచ్చినట్టున్నాడు... ఆయనుంటే ఏమనేవాడో."

అత్త మళ్ళీ తల తిప్పింది. "ఆయనుంటే ఏమనేవాడో" అంది సత్యవేణి మళ్ళీ.

"ఆ మాట ఈవిడ నాలుగు నెలల్నుంచీ అంటానే ఉందండి" అంది శ్రీనిజ నెమ్మదిగా, లెక్కలు చదువుతూ. "రసధార దాన్ని కోరిక కింద తీసుకుంది. గదిలో మీరన్న మాటల్లోంచి మీ గొంతు కట్టింది. ఆ రోజే మొదలు."

గోడలోంచి తాతారావు గొంతు వచ్చింది. "సత్యవేణీ!"

"ఏవండీ! వచ్చారా!" అంది సత్యవేణి. నవ్వింది.

తాతారావు కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు ఈ మాట దగ్గరే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఇవాళ కదల్లేదు.

"సత్యవేణీ! ఈ దృశ్యంలో తర్కం కొంత లోపించినట్టుంది కదూ!" అంది అతని గొంతు.

సినిమాలో అత్త ఉరిమింది.

"ఏంటీ?" అంది సత్యవేణి.

"వరదలో ఈదిన వ్యక్తి వస్త్రాలు పొడిగా ఉండటం హాస్యాస్పదం కదూ! మందు వేసుకో."

ఆమె నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు తాతారావుకు తెలుసు. టీలో పంచదార మరిచిపోయిన రోజు అలాగే నిట్టూర్చేది.

"ఒరేయ్" అంది. "నువ్వు మా ఆయనవి కాదు."

"నేను మీ భర్త స్వరాన్ని, హాస్యాన్ని..."

"గొంతు తెచ్చావు గానీ బుర్ర తేలేదు. కదూ ఏంట్రా, కదూ? పుట్టాక ఒక్కసారైనా కదూ అన్నాడా ఆయన? నోర్మూసుకుని సినిమా చూడు."

శ్రీనిజ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాతారావు గోడ మీంచి చూపు తిప్పలేదు. అండీ అన్న పిలుపు ఆ యంత్రం దగ్గర నిమిషం కూడా నిలవలేదు. తను నిలబడి ఉండాల్సింది ఆ ఒక్క నిమిషమే.

సినిమాలో ఆస్పత్రి వచ్చింది. తల్లి మంచం మీద చచ్చిపోతోంది. చాలాసేపట్నుంచి చచ్చిపోతోంది. పక్కన సెలైను సీసా. గొట్టం దుప్పటి కిందికి పోయింది. డాక్టరు పెదవి విరిచాడు. కొడుకు బావురుమన్నాడు.

తాతారావు పెదాలు కదిలాయి. ఏడాదిన్నరగా అలవాటు తప్పిన మాట, గరగరలాడుతూ బయటపడింది. "గొట్టం ఆవిడ చేతికి పెట్టలేదు. మంచం కోడుకి పెట్టారు. తల్లి పోతుంది గాని మంచం బతుకుద్ది."

శ్రీనిజ ఫక్కుమంది. ఆమె నవ్వు ఆగకముందే గోడలోంచి సత్యవేణి అంది:

"చూశావుట్రా గొట్టం? మా ఆయనైతే ఈ పాటికి సెలైను మంచానికి ఎక్కించారనేవాడు." తన మాటకు తనే నవ్వింది. నొప్పి అడ్డం వచ్చింది. ఆగి, మళ్ళీ నవ్వింది. "ఇది ఆయనదే. ఆయనకో గింజ."

టక్.

స్టీలు డబ్బాలో గింజ పడిన చప్పుడు.

శ్రీనిజ నవ్వు ఆపేసింది. తాతారావు ఖాళీ డబ్బా వైపు చూశాడు. ఆ వారమే ఆమె, "ఆ గింజల గిన్నె ఇటు పెట్టండి" అంటే ఎందుకని అడక్కుండా మంచం పక్కన పెట్టి పోయాడు. పనికొచ్చే మాట కాదు గనక అడగలేదు.

సినిమా నడిచింది. విలను కళ్ళద్దాలతోనే స్నానం చేశాడు. "వాడికి కళ్ళు లేవేమోరా, చూడు. ఇట్టాంటిది ఆయన వదలడు. ఆయనకో గింజ." టక్. యంత్రం మళ్ళీ ఏదో అనబోయింది. "నీకేం లేదు, పో."

తాతారావు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు ఊగాయి. శ్రీనిజ కంగారుగా లేచింది. "బాబాయిగారూ, ఆపేయమంటారా?"

అతను తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. నవ్వుతున్నాడు. గుండెల మీద ఏడాదిగా కూర్చున్నది ఏదో లేచి అవతలికి పోయినట్టు, గట్టిగా గాలి పీల్చుకున్నాడు.

"ఆపకమ్మా. తల్లి ఇంకా చావలేదు. చచ్చేదాకా ఉందాం."

ఉన్నారు. చివరిదాకా చూశారు. తాతారావు తొమ్మిది వంకలు పట్టాడు. మూడిటికి శ్రీనిజ బల్ల మీద తల వాల్చేసి నవ్వింది. "మా ఇంట్లో నలుగురం ఉన్నామండి. నాలుగు సినిమాలు. అన్నీ బాగుంటాయి. మేం ఒకళ్ళకి ఒకళ్ళం చెప్పుకోడానికేం ఉండదు" అంది మధ్యలో. తర్వాత గోడవైపు వేలు చూపించింది. "ఏవండోయ్, ఆ తల్లి ఫోటోకి దండేసేశారు చూడండి. ఆవిడ ఇంకా మూలుగుతానే ఉంది!"

తాతారావు చూశాడు. నిజమే. తనకు తట్టలేదు. సత్యవేణీ అనలేదు. అతనికి నవ్వొచ్చింది. దాచుకోలేదు.

సినిమా అయిపోయింది. శ్రీనిజ వేలిముద్ర పలక ముందుకు జరిపి, చెయ్యి దాని మీదే ఉంచింది.

"బాబాయిగారూ, ముద్రేస్తే అన్నీ పోతాయండి. అమ్మగారి గొంతు కూడా. అర్జీ పెట్టుకుంటే ఇంకో ఏడాది ఉంచుకోనిస్తారు. నేను రాసిపెడతాను."

తాతారావు ఆలోచించాడు. ఎంతోసేపు కాదు.

"ఉంచితే వాడూ ఉంటాడు గదా?"

"ఉంటాడండి. ఇద్దరూ ఒకే దాంట్లో."

"అయితే చెరిపెయ్యి. నా గొంతేసుకుని కదూ అంటాడా వెధవ." బొటనవేలు పలక మీద పెట్టాడు. "ఆవిడ ఎవడితో మాట్లాడిందో తెలిసింది. అది చాలు."

పలక ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది.

తాతారావు మోకాళ్ళ మీద చెత్తబుట్ట దగ్గర కూర్చున్నాడు. కాగితాలు పక్కకి తీసి గింజలు ఏరడం మొదలుపెట్టాడు. శ్రీనిజ కూడా వచ్చి కూర్చుంది. ఒకటి బల్ల కిందికి దొర్లిపోతే ఆమె పడుకుని చెయ్యి చాపి తీసింది. గింజలన్నీ డబ్బాలోకి చేరాయి. సగానికి పైగా నిండింది.

"మామూలుగా ఇన్ని ఇస్తారాండి?"

"ఆవిడా? రోజుకి రెండిస్తే గొప్ప." డబ్బాలోంచి ఒక గింజ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీది. దండకి."

తిరుగు పంటు ఎక్కాడు. యాభై మంది, యాభై సినిమాలు. తాతారావు ఒక అంచున కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. పంటు ఊగినప్పుడల్లా గలగలమంది. పక్కనున్న మనిషి విసుక్కుని కంటితెర పైకెత్తాడు.

"ఏంటండి ఆ చప్పుడు?"

"నేను గెలిచానండి" అన్నాడు తాతారావు. "ఇవాళ టీ మా ఆవిడ పెట్టాలి."