విద్యావతి చదివిన రాయి

సిడ్నీ శివారు పారమట్టాలోని ఆ ఫ్లాట్‌లో ఉదయం ఎప్పటిలాగే మొదలైంది. విద్యావతి ఉప్మాకి తిరగమోత వేస్తుంటే, భర్త చలపతి టై కట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకొచ్చాడు.

"విద్యా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకి నీ పేరిచ్చేశాను. సోమవారం నుంచే క్లాసులు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నన్నడక్కుండానా?"

"అడగడానికేముంది? కంప్యూటర్ల వైటూకే గండం గడిచినా కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

గుంటూరు మహిళా కళాశాలలో కెమిస్ట్రీ చెప్పిన విద్యావతి, భర్త వీసా మీద సిడ్నీ వచ్చాక రెండేళ్ళు ఇంటికే పరిమితమైపోయింది. కిందటేడే యూనివర్సిటీ లాబ్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. అక్కడ అంగారకుడి రాళ్ళ మీద పరిశోధన. ప్రతి రాయీ కంటికి కనబడని పరారుణ కిరణాలు వెలువరిస్తుంది. యంత్రం వాటిని గీతగా గీస్తే అది ఏ రాయో చెప్పొచ్చు. అంగారకుడి చుట్టూ తిరిగే నౌక పంపిన కొన్ని గీతలు చూసి, అది బసాల్టు కాదు, వేరే జాతి రాయన్నారు పెద్ద శాస్త్రవేత్తలు. విద్యావతి ఒప్పుకోలేదు. అది లావా గడ్డకట్టిన మామూలు నల్ల బసాల్టేననీ, పైన పట్టిన సన్నటి సిలికా పూత మోసం చేస్తోందనీ ఆమె వాదన. ఆ వాదనకి పరీక్ష ఆ రోజే.

"అంగారకుడి మీద రాళ్ళు ఎవరిక్కావాలి విద్యా? ఆ లాబ్ హెడ్ మార్గరెట్ నిన్ను సాంపిల్స్ తుడవడానికి పెట్టుకుంది. అంతే!"

టేబుల్ దగ్గర కూతురు నీలిమ చెంచా కింద పెట్టేసింది. "డాడ్, దట్స్ నాట్ ఫెయిర్!"

విద్యావతి స్టవ్ ఆర్పింది.

"మధ్యాహ్నం మీరే లాబ్‌కి వచ్చి చూడండి. నేను రాయిని తప్పు చదివితే సోమవారం మీ కోర్సుకి మారుమాట్లాడకుండా వస్తాను."

మధ్యాహ్నం లాబ్ నిండిపోయింది. ఆమె వాదనని నమ్మని ఒక పెద్ద శాస్త్రవేత్త, తానే ఎడారిలో ఏరిన రాయిని తెచ్చి యంత్రం కింద పెట్టాడు. తెర మీద గీత లేచింది. అచ్చం అంగారకుడి గీతే! వేరే జాతి రాయేనని అంతా తలలూపారు.

విద్యావతి తెర దగ్గరికి జరిగింది. గీత చివర్లో బసాల్టుకుండే ఒక చిన్న ఒంపు. అంత సన్నటి పూత దాన్ని దాచలేకపోయింది.

"లోపల బసాల్టే. ఆలివిన్ కూడా ఉంది. కోయండి," అంది.

"ఆర్ యూ ష్యూర్?" అన్నాడాయన.

"కోయండి."

రంపం గీపెట్టింది. రాయి రెండు ముక్కలైంది. లోపలంతా నలుపు, మధ్యలో పచ్చటి ఆలివిన్ గింజలు, అంచున వెంట్రుకంత తెల్లటి పూత. ఆ పెద్దాయన ముక్కని తిప్పి చూసి, లేచి చెయ్యి చాపాడు. మార్గరెట్ అందరికీ వినబడేలా అంది: "పరిశోధన పత్రంలో మొదటి పేరు విద్యదే!"

చప్పట్ల మధ్య ఎవరో తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని మీరీ డిపార్ట్‌మెంటేనా అని అడిగారు.

"నో, నో. ఐ యామ్ హర్ హస్బెండ్!" అన్నాడు చలపతి గట్టిగా. ఆఫీసు మధ్యలో వదిలేసి వచ్చాడతను.

వరండాలో అతను ఆమె పక్కకొచ్చాడు. "పొద్దున ఎంత మాటన్నాను! ఆ కోర్సువాళ్ళకి ఇప్పుడే వద్దని చెప్పేస్తాను. తప్పయింది విద్యా."

"ఇంకోసారి నా పేరెక్కడైనా ఇవ్వాలంటే ముందు నన్నడగండి," అంది కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

"పద, ఇంటికెళ్దాం."

"మీరెళ్ళి నీలిమకి అన్నం పెట్టండి. నాకింకా చదవాల్సిన రాళ్ళు రెండున్నాయి."