నాలుగో గీత

సూది బయటికి తీసి, బిడ్డ తొడమీద దూది అదిమిపెట్టి, నూకరత్నం తల్లికేసి చూసింది.

"అయిపోయింది. సాయంత్రానికి ఒళ్లు కాస్త వెచ్చబడితే కంగారుపడకు. పాలు మాన్పించకు."

నమోదుపలక ఆమె బొటనవేలిని గుర్తుపట్టి ఆకుపచ్చగా వెలిగింది. సప్తకం, మొదటి మోతాదు, ఆరు వారాలు. శీతపేటిక తనంతట తానే మూత తెరిచి తరవాతి బుడ్డిని పైకి నెట్టింది.

తాళ్లమొగ తేలుడుపేటలో బుధవారం టీకాల రోజు. సముద్రం లంకల్ని మింగేశాక ఇక్కడి ఊళ్లన్నీ పీపాల మీద కట్టిన చెక్కవేదికల మీదికి ఎక్కాయి. అలాంటి పదకొండు పేటలకు నూకరత్నం ఒక్కతే టీకాలమ్మ. ఇరవై రెండేళ్లుగా పడవ మీద తిరుగుతోంది. ఒకప్పుడు ఇన్ని జబ్బులకు ఇన్ని సూదులుండేవనీ, రెండో సూదికే తల్లులు బిడ్డని లాక్కుని వెళ్లిపోయేవారనీ ఆమెకు పని నేర్పిన డాక్టర్ భానోజీ చెబుతుండేవాడు. ఇప్పుడు ఏడింటికీ ఒకటే సూది, సప్తకం. కంఠసర్పి, ధనుర్వాతం, పోలియో, కోరింత దగ్గు, కామెర్లు, మెదడువాపు, చివరగా ఈ తీరంలో కొత్తగా పుట్టిన ఉప్పుజ్వరం. మూడు మోతాదులు పడితే పట్టిక ఆ బిడ్డ పేరు పక్కన 'సంపూర్ణం' అని రాసుకుంటుంది. ఎవరికి ఏ సూది ఎప్పుడో తేల్చేది తీరమంతటి లెక్కా చూసే ఆ యంత్రమే. ఏ రేవుకి ఎంత మందు కదలాలో చెప్పేదీ అదే.

వరస దాటుకుని గంగాభవాని వచ్చింది. చంకలో ఐదు నెలల ఆడపిల్ల. ఎవరూ అడ్డుపడలేదు. పిల్ల దగ్గు విని అందరూ తమ బిడ్డల్ని దగ్గరికి తీసుకుని తప్పుకున్నారు.

దగ్గు తెరమీద తెరగా వచ్చింది. పిల్ల మొహం ఎర్రబడి, నల్లబడి, పెదాలు నీలమయ్యాయి. చివరికి ఊపిరి లోపలికి పీల్చుకున్నప్పుడు గొంతులో సన్నగా, పొడుగ్గా ఒక కూత వచ్చింది. నూకరత్నం తన ఉద్యోగంలో ఆ కూత ఎన్నడూ వినలేదు. కానీ శిక్షణ రోజుల్లో భానోజీ పాత ధ్వనిముద్రణ పెట్టి మూడుసార్లు వినిపించాడు. ఒకసారి వింటే మరచిపోయేది కాదు.

"ఎన్నాళ్లయిందమ్మా?"

"ఎనిమిది రోజులక్కా. పడిశం అనుకున్నాం. నిన్నటినించీ పాలు పట్టడంలేదు." గంగాభవాని కళ్లు ఆమె మొహాన్ని వెతుకుతున్నాయి. "ఇది అదేనా? నువ్వు రాదన్నదేనా?"

నూకరత్నం పిల్ల ముక్కుకి ప్రాణవాయువు గొట్టం తగిలించి, జోరుపడవని పిలిచింది.

"మా అత్త వద్దంది. ఆయనా వద్దన్నాడు. నీ మాట మీద మూడుసార్లూ తెచ్చాను గదా అక్కా."

"తెచ్చావు."

"మరి?"

"ముందు పడవెక్కు. మెట్ట ఆసుపత్రిలో చెప్పి ఉంచుతాను."

పడవ వెళ్లిపోయాక కూడా నూకరత్నం కాసేపు రేవు అంచునే నిలబడింది. ఏ టీకా అయినా నూటికి నూరుమందినీ కాయదు. ఒక్క బిడ్డకి వచ్చిందంటే దురదృష్టం అనుకోవచ్చు. కానీ కిందటి నెల పక్క పేటలో ఇద్దరు పిల్లల దగ్గుని తనే పడిశం అని రాసింది. సప్తకం పడ్డ పిల్లలకి ఇంకేం వస్తుందిలే అనుకుంది. ఇప్పుడు ఆ ఇద్దరి మొహాలూ కళ్లముందు కదిలాయి.

తన పడవ అడుగు అరలో రక్తచీటీల పాత కట్ట ఒకటి మిగిలి ఉంది. ఇదివరకు మూడో మోతాదు పడిన నెలకి, పదిమందిలో ఒకరికి మడమ మీద గుచ్చి చూసేవారు. ఏడు రక్షణలకు ఏడు గీతలు తేలేవి. నిరుడు ఆ పరీక్ష అవసరం లేదని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఒక పని తగ్గింది కదా అని ఆమె సంతోషించింది కూడా.

వరసవాళ్లకి తోడుగా, తమ బిడ్డల్నీ ఎత్తుకుని వచ్చిన ఇరుగుపొరుగు తల్లులున్నారు. ఏడాది లోపు పిల్లల్ని, సంపూర్ణం అయినవాళ్లని, నలుగురిని ఎంచి ఒక్కో చుక్క తీసింది. గీతలు ఒక్కొక్కటే నీలంగా తేలాయి. మొదటిది, రెండోది, మూడోది. నాలుగో చోట, కోరింత దగ్గు గీత ఉండాల్సిన చోట, తెల్లగా ఉంది. తరవాతి మూడూ చక్కగా వచ్చాయి. నాలుగు చీటీలూ అలాగే ఉన్నాయి. చీటీలు పాతబడి పాడయ్యాయేమోనని ఒకటి తన వేలి మీదే గుచ్చుకుని చూసింది. ఏడూ తేలాయి.

గొడుగు కిందికి వెళ్లి భానోజీని పిలిచింది. ఆయన ఇప్పుడు పట్టిక కేంద్రంలో పెద్ద. పలక మీద ఆయన మొహం ఎప్పటిలాగే ప్రసన్నంగా కనిపించింది. ఆమె చీటీల్ని వరసగా పట్టుకుని చూపించింది. ఆయన నవ్వు నెమ్మదిగా తగ్గింది.

"నీ దగ్గర ఇంకా ఉన్నాయా అవి?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమెకు అర్థమైపోయింది. పొరపాటు అంటాడేమో, తనిఖీ చేయిస్తానంటాడేమో అని అప్పటిదాకా ఎక్కడో ఆశ ఉంది.

"ఎప్పటినించండీ?"

"పద్నాలుగు నెలలు. ఆ భాగం తయారుచేసే కర్మాగారం ఒకటి మునిగిపోయింది రత్నం. ఉన్నది నగరాలకే చాలలేదు. అక్కడ జనం ఇరుకు, జబ్బు పాకితే ఆగదు. నీ పేటలు నీటి మధ్య విడివిడిగా ఉంటాయి. పైగా ఇన్నేళ్లలో నీ దగ్గర ఒక్క కోరింత దగ్గు కేసు లేదు. నువ్వు పంపిన నివేదికలే నేను సమావేశంలో పెట్టాను."

"నా నివేదికలా?"

"అంత శుభ్రంగా పనిచేసినవాళ్లు ఇంకెవరూ లేరు."

పడవ తిరగబడ్డ ఏడాది కూడా ఈదుకుంటూ వెళ్లి వేసిన సూదులు, బతిమాలి ఒప్పించిన అత్తలు, ఒక్కరు కూడా తప్పిపోకూడదని పేటపేటకీ తిరిగిన తిరుగుడు. అదంతా ఈ పిల్లల దగ్గర్నుంచి మందు తీసేయడానికి సాక్ష్యమైంది.

"బుడ్డి మీద ఏడని ఎందుకు రాశారండీ? నాకైనా చెప్పాల్సింది."

"చెబితే నువ్వు వాళ్లకి చెబుతావు. ఆరే అంటే ఏడోది వచ్చాకే వేయించుకుంటాం అంటారు. అప్పుడు కంఠసర్పి వస్తుంది. ఆ ఆరైనా దక్కాయి కదమ్మా."

ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. అదే ఆమెకు ఎక్కువ మండింది.

"ఈ పూటకి నీ వరస పూర్తిచెయ్యి. తరవాత మాట్లాడదాం," అన్నాడు. ఆమె పలక బోర్లించింది.

వరసలో ఇంకా పందొమ్మిదిమంది ఉన్నారు. నూకరత్నం వాళ్ల ముందు నిలబడి చెప్పింది. బుడ్డిలో ఆరే ఉన్నాయని, కోరింత దగ్గుది లేదని, పద్నాలుగు నెలలుగా లేదని, తనకి ఇవాళే తెలిసిందని.

ముందుగా మాట్లాడింది మనవణ్ణి ఎత్తుకున్న సింహాచలమ్మ. "ఆ ఆరూ ఉన్నాయని నీకెలా తెల్సే?"

"చీటీ మీద నా కళ్లతో చూశాను పిన్నీ. అవి లేకపోతే బిడ్డలు చచ్చిపోతారు. వేయించుకోండి. ఏడోది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. తెలియనిదానికి ఇంక మాటివ్వను."

ఐదుగురు తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వెళ్లిపోయారు. ఒకామె పోతూపోతూ నీళ్లలోకి ఉమ్మింది. మిగిలినవాళ్లు కదల్లేదు. సింహాచలమ్మ మనవడి లాగు కిందికి జరిపింది.

సూది వేశాక పలక ఎప్పటిలాగే సప్తకం అని చూపించి వేలిముద్ర అడిగింది. నూకరత్నం దాన్ని తుడిచేసి 'అసంపూర్ణం: నాలుగో భాగం పడలేదు' అని రాసింది. మందు పడ్డ బిడ్డని అసంపూర్ణం అనడం పట్టికకి కొత్త. నిజమేనా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వేలు పెట్టింది. పట్టిక కట్టిన రోజుల్లో భానోజీయే రాయించిన నియమం ఒకటుంది: యంత్రం లెక్కకీ, బిడ్డ దగ్గర నిలబడ్డ మనిషికీ తేడా వస్తే మనిషి మాటే చెల్లుతుంది. పలక ఎర్రగా మారి, ఆమె రాసినదాన్ని ఒప్పుకుంది.

ఆమె అక్కడితో ఆగలేదు. పద్నాలుగు నెలల జాబితా తెరిచి, పదకొండు పేటల్లో మూడు మోతాదులూ పడ్డ ప్రతి పేరూ మార్చడం మొదలుపెట్టింది. నూరు దాటేసరికి పట్టిక తీరమంతా మళ్లీ లెక్కవేసుకోసాగింది. రెండు నగరాల రేవుల్లో దించుతున్న మందు, పేటల వాటా తేలేదాకా, ఆగిపోయింది. పై పేటల టీకాలమ్మలు తమ బుడ్డీల సంగతేమిటని పలకల మీద అడగడం మొదలుపెట్టారు. భానోజీ పిలుపు నాలుగుసార్లు మోగి ఊరుకుంది.

ఐదోసారి మోగింది ఆయన కాదు, గంగాభవాని.

"పిల్లకి ఊపిరందుతోందంట. గండం గడిచినట్టే అన్నారు." వెనక ఆసుపత్రి చప్పుళ్లు వినిపించాయి. "మందులో అది లేదంట గదా. ఇక్కడందరూ అనుకుంటున్నారు."

"లేదు భవానీ. నాకూ ఇవాళే తెలిసింది."

"తెలీకుండా అంత గట్టిగా ఎలా చెప్పావక్కా?"

నూకరత్నం జాబితా మీదున్న వేలు వెనక్కి తీసుకుంది.

"నువ్విక్కడికి రాకు," అంది గంగాభవాని. కోపంగా కాదు, అలసిపోయి అంది. "పిల్లని చూట్టానికి కూడా రాకు."

"రాను," అంది నూకరత్నం. మాట తెగిపోయాక పలక తన ముందుకు లాక్కుని, తరవాతి పేరు చదివి, వేలు పెట్టింది.