ఇద్దరూ వదిలేసిన పంక్తి

"చెయ్యి తియ్యండి!"

ఆ యూనివర్సిటీ లైబ్రరీలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అరవలేదు. పోనీ అరిచింది బయటి మనిషా అంటే, కాదు. 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చుని పాత పుస్తకాలను స్కాన్ చేసే అమ్మాయే.

ఆ అబ్బాయి ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆ వేలి కింద నాలుగు వందల ఏళ్ళనాటి కాగితం ఉంది. దాని మీద, ఇప్పుడెవరూ మాట్లాడని ప్రాచీన భాషలో, ఒక కావ్యం.

"చదువుకుంటున్నానండీ. నా రీసెర్చి దీని మీదే."

"చదవడానికి కళ్ళు చాలవా? వేలెందుకు?"

"అలవాటు."

"పొద్దున తిన్న టిఫిను ఇంకా ఆ వేలికే ఉంది."

అతను వేలు చూసుకున్నాడు. నిజమే. పక్క బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె అతనికి 'పురాతనం' అని పేరు పెట్టింది. అతను ఆమెకు 'స్కానరమ్మ' అని పెట్టాడు.

వారం తిరక్కుండానే లైబ్రేరియన్ మేడమ్ ఇద్దర్నీ పిలిచారు.

"ఈ కావ్యం మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాలి. పేజీల ఫొటోలు చూసి ఇద్దరూ విడివిడిగా టైపు చేస్తారు. రెండింటినీ పక్కపక్కన పెడితే, తేడా ఉన్న చోటల్లా ఎర్రగా కనబడుతుంది. అలా తప్పులు దొరుకుతాయి. అందుకే ఒకరిది ఒకరు చూడకూడదు. చూశారని తెలిసిందా, ఆరు నెలల పని చెత్తబుట్టలోకే!"

అమ్మాయిని ఇంకా పర్మనెంట్ చెయ్యలేదు. ఈ పని సరిగ్గా పూర్తయితేనే ఉద్యోగం నిలుస్తుంది. ఆ సాయంత్రమే ఫోన్లో నాన్నకు కూడా చెప్పేసింది.

బల్లలు ఎదురెదురుగా వేశారు. మధ్యలో రెండు స్క్రీన్లు, ఒకదానికొకటి వీపు ఆనించుకుని, అలిగినట్టు.

"భాష రాకుండా ఎలా టైపు చేస్తారండీ?" అన్నాడు పురాతనం.

"అక్షరాలు వచ్చు. అది చాలు. అర్థం తెలిసినవాళ్ళయితే లేని మాటలు కూడా ఊహించేసుకుంటారట, మేడమ్ చెప్పారు."

మొదటి వారం పోల్చి చూస్తే అతని తప్పులు ముప్ఫై ఒకటి. ఆమెవి తొమ్మిది. రెండు రోజులు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పందెం కట్టాడు. సరిగ్గా నాలుగింటికి ఇద్దరూ కొత్త పేజీ మొదలుపెట్టాలి. వెనకబడినవాళ్ళు క్యాంటీన్ నుంచి టీ తేవాలి.

లోపల టీ తాగనివ్వరు కాబట్టి బయట మెట్ల మీద తాగేవాళ్ళు. ఆమె ఆ రోజు టైపు చేసిన పేజీకి అక్కడ అతను అర్థం చెప్పేవాడు. అందులో ఒక పడవవాడున్నాడు. రోజూ ఒకమ్మాయిని నది దాటిస్తాడు. అంతే, ఒక్క మాటా మాట్లాడడు.

"ఇంత పిరికివాడేంటండీ! ఎప్పుడు చెప్తాడు?"

"పిరికితనం కాదండీ, మర్యాద."

అంటూ అతను టీ కప్పులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

నెలలు గడిచే కొద్దీ ఎవరు ముందో చెప్పడం కష్టమైంది. ఒకసారి ఆమె రెండు మాటలు ముందు, ఒకసారి అతను. టీ మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళి తెచ్చుకుంటున్నారు.

ఐదో నెలలో ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన దిగింది. కిటికీ తలుపు ఠాప్‌మని కొట్టుకుంది. అమ్మాయి తల ఎత్తింది. స్క్రీన్ల మీదుగా అతను కూడా అప్పుడే తల ఎత్తాడు. అతని కళ్ళజోడు మీద నాలుగు చినుకులు. తుడుచుకోవచ్చు కదా, తుడుచుకోలేదు. ఆమె కళ్ళు దించుకోవచ్చు కదా, దించుకోలేదు.

కాసేపటికి మళ్ళీ ఇద్దరి వేళ్ళూ కదిలాయి.

నెల తర్వాత, ఎక్కించడం పూర్తయ్యాక, తనిఖీకి ప్రొఫెసర్ గారు వచ్చారు. ఆయన ఈ అబ్బాయికి గైడు. టైపు చేసినదంతా అసలు పేజీల ఫొటోలతో పోల్చుకుంటూ వచ్చి, ఒకచోట ఆగిపోయారు.

"ఇక్కడొక పంక్తి లేదు. ఇద్దరి దాంట్లోనూ లేదు."

ఇద్దరూ ఒకే పంక్తి వదిలేస్తే కంప్యూటర్‌కి తేడా ఏం కనబడుతుంది? అందుకే ఎర్ర గీత పడలేదు.

"రెండు ప్రతుల్లో ఒకే తప్పుంటే, ఒకటి ఇంకోదాన్ని చూసి రాసినట్టే. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను. చెప్పండి, ఎవరిది ఎవరు చూశారు?"

"నేనే చూశాను సార్!"

రెండు గొంతులు ఒక్కసారే పలికాయి. ప్రొఫెసర్ గారి నుదుటి మీది కళ్ళజోడు జారి ముక్కు మీద పడింది.

"మీరెప్పుడు చూశారండీ?" అంది ఆమె, అతని వైపు తిరిగి.

"మీరెప్పుడు చూశారు?"

"మధ్యలో మీకెందుకు? మీ రీసెర్చి పోతుంది!"

"మీ ఉద్యోగం పోదా?"

మేడమ్ నవ్వాపుకోలేకపోయారు. "ఆగండర్రా! ఇద్దరూ చూసే రాస్తే మరి ముందు రాసిందెవరు? ఏ మాట ఏ నిమిషంలో పడిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఉండండి, చూద్దాం."

స్క్రీన్ మీద రెండు వరసలు తెరుచుకున్నాయి. ఇద్దరూ అడుగులో అడుగు వేసినట్టు నడిచారు. ఒకరు ఆగి ఇంకొకరిది చూసినట్టు ఎక్కడా లేదు.

"ఇదిగో, నాలుగూ ముప్ఫై ఏడు. ఇద్దరూ ఆగిపోయారు. నాలుగూ నలభై ఒకటికి ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. ఒక పంక్తి దాటేసి."

ప్రొఫెసర్ గారు ఫొటో మీదికి వంగారు. "ఈ పంక్తీ, దీని కింది పంక్తీ ఒకే మాటతో మొదలవుతాయి. కళ్ళు ఎటో వెళ్ళి తిరిగొస్తే కింది దాని మీద వాలతాయి. మామూలే. అది సరే, ఆ నాలుగు నిమిషాలూ ఏం చేశారు?"

అమ్మాయి నేల మీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అబ్బాయి తన వేలు చూసుకున్నాడు.

"వాన పడిన రోజండీ అది," అన్నారు మేడమ్. "కిటికీ మూయమని ఇద్దర్నీ పిలిచాను. ఒక్కరూ పలకలేదు. బొమ్మల్లా కూర్చున్నారు. నేనే వచ్చి మూసి, సగం తడిశాను."

ప్రొఫెసర్ గారు ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూశారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు.

"తప్పెలా పుట్టిందో ఇంత స్పష్టంగా నాకెప్పుడూ దొరకలేదు. మీ పనికేం ఢోకా లేదు. ఆ ఒక్క పంక్తీ ఎక్కించండి. విడివిడిగానే!"

పెద్దవాళ్ళిద్దరూ బయటికి వెళ్ళిపోయారు. వెళ్తూ మేడమ్ తలుపు దగ్గరగా వేశారు.

ఇద్దరూ టైపు చేశారు. పోల్చి చూశారు. ఒక్క ఎర్ర గీతా లేదు.

"అర్థం ఏంటి?" అందామె.

అతను గొంతు సవరించుకున్నాడు. "'ఆమె తల ఎత్తి చూసింది. పడవవాడు తెడ్డు వెయ్యడం మరిచిపోయాడు.'"

"నిజంగా అలాగే ఉందా? మీరే కల్పించారా?"

"కావాలంటే ప్రొఫెసర్ గారిని అడగండి."

"అమ్మో, ఇంకో నాలుగు నిమిషాలు నవ్వుతారు." తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి ఇప్పుడైనా చెప్తాడా?"

"మీకింకా అర్థం చెప్పని పేజీలు పన్నెండున్నాయి. వాడు చెప్పేది ఆఖరిదాంట్లో. నేను మాత్రం అన్ని పేజీలు ఆగలేనండీ."

బల్ల మీదుగా చెయ్యి చాచి, ఆమె వేళ్ళ దగ్గరదాకా వచ్చి, ఆగిపోయాడు. ఎక్కడ అరుస్తుందోనని.

ఆమె అరవలేదు. మిగిలిన దూరం ఆమే దాటింది.

అప్పుడే ఫోను మోగింది. నాన్న.

"ఏమైందమ్మా? ఉద్యోగం నిలిచిందా?"

"నిలిచింది నాన్నా. ఒకే ఒక్క తప్పు దొరికింది. ఆదివారం ఇంటికి తీసుకొస్తాను, చూద్దువుగాని."

"తప్పుని ఇంటికి తీసుకురావడమేంటే?"

"చాలా పురాతనమైంది నాన్నా," అంది ఆమె నవ్వుతూ. "ఇంక దాన్ని వదిలేసి రాలేను."