ఓక్ బెంచీ మీద కూర్చోరాదు

డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో బ్రేకుల ఇంజనీరు ధర్మారావుని ఎవరో అతని కారులోనే చంపేశారు. పోలీసులు వచ్చేసరికి వైపర్లు ఇంకా తిరుగుతున్నాయి, అద్దం మీద మంచు తుడుస్తూ, లోపలి శవాన్ని దారినపోయే వాళ్లందరికీ చూపిస్తూ. జేబులో ఉండాల్సిన చిప్ లేదు.

"ఆ చిప్ ఉంటే హైవే మీద ఏ కారు బ్రేకులైనా దూరం నుంచే ఫెయిల్ చేయొచ్చు," అన్నాడు చీఫ్ అచ్యుతరావు. "రేపు పొద్దున ఫారిన్ రింగ్‌కి హ్యాండోవర్. స్పాట్, నోవై దగ్గర హార్లో హౌస్. చేతి చెక్కపనితో కట్టిన పాత క్రాఫ్ట్స్‌మన్ ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. అక్కడ గైడ్‌గా మనం పెట్టింది ఏజెంట్ కోకిలని."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ గౌరీశంకర్ తలెత్తాడు. "కోకిల అంటే, లీలనా?"

"డబుల్ గేమ్ ఆడుతోందని డౌట్. కోడ్ అడుగు. జవాబు తప్పితే మన మనిషి కాదు. చిప్‌తో గడప దాటేది ఎవరైనా సరే, ఎదురింటి మేడ మీద స్నైపర్ ఉంటాడు."

"అరెస్ట్ చేయొచ్చుగా సర్?"

"బ్రేకుల్లేని కార్లలో పిల్లలుంటారయ్యా. గడప లోపల ఆపగలిగితే ఆపుకో."

ఆరేళ్ల కిందట డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో లీల అతన్ని వదిలి వెళ్లిపోయింది. సెక్యూరిటీ లైన్‌లో ఆమె వీపు కనిపించినంతసేపూ చూస్తూ నిలబడ్డాడు. వెళ్లే మనిషిని వెనక నుంచి పిలవకూడదంటారు. పిలవలేదు.

మర్నాడు నార్త్ కరోలినాలోని క్యారీ నుంచి వచ్చిన రిటైర్డ్ డెంటిస్టు వేషంలో, నెరిసిన విగ్గుతో, చెవిలో హియరింగ్ ఎయిడ్ లాంటి రేడియోతో, బూట్లకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని లోపలికి నడిచాడు. కిందికి దిగినట్టున్న కప్పు, నల్లబడిన ఓక్ దూలాలు, గోడలోనే కలిసిపోయిన పుస్తకాల అరలు. ఆకుపచ్చ టైల్స్ ఫైర్‌ప్లేస్ పక్కన ఒక బెంచీ, దానికి అడ్డంగా తాడు.

ఎర్ర స్కార్ఫ్‌లో లీల అప్పటికన్నా అందంగా ఉంది. ఈ బెంచీలో ఒక్క మేకు కూడా లేదనీ, చెక్కను చెక్కే పట్టుకుని ఉంటుందనీ ఇంగ్లీషులో చెబుతూ చెక్క చీలల మీద వేళ్లు పోనిచ్చింది. ఒక చీల ఊడి ఆమె గుప్పిట్లోకి జారింది. లోపల బోలు, అందులో చిప్. గౌరీశంకర్ కోటు బొత్తాంలోని కెమెరా దాన్ని చూసింది. పక్కనే ఉన్న బూడిదరంగు కోటు మనిషి కూడా చూశాడు.

"ఫైర్‌ప్లేస్ ఎప్పుడైనా వెలిగిస్తారా?" అడిగాడు గౌరీశంకర్. మొదటి మంచుకి, అని ఆమె అనాలి. అదీ కోడ్.

లీల అతని కళ్లలోకి చూసింది. విగ్గు కళ్లను దాచలేదు.

"లేదు సర్. ఇది ఇక వెలగదు."

చెవిలో చీఫ్ నిట్టూర్చాడు. "సారీ శంకర్."

కోటు మనిషి ఆమెను తలుపు వైపు నడిపిస్తున్నాడు. అతని జేబులోంచి పిస్టల్ ఆమె నడుముకి ఆనుకుని ఉంది. చిప్‌తోపాటు గైడ్‌నీ తీసుకెళ్తున్నాడు. తర్వాత ఏం చేస్తాడో ధర్మారావుని అడగాలి.

గన్ తీస్తే వాడు కాలుస్తాడు. తీయకపోతే మనవాడు కాలుస్తాడు.

"రెడీ," అన్నాడు రేడియోలో స్నైపర్.

ఆరేళ్లుగా గొంతులో అడ్డుపడ్డ మాట బయటికొచ్చింది. "లీలా, ఎక్కడికి?"

బయల్దేరే మనిషిని అడగకూడని ప్రశ్న. అడిగారా, వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ కదలకూడదు. ఎన్ని ట్రైనింగులిచ్చినా అమ్మ పెట్టిన అలవాటు పోదు. లీల కాలు గడప మీద గాల్లోనే ఆగిపోయింది.

కోటు మనిషికి ఈ సంగతులు తెలియవు. ఎవరో పసిగట్టారని మాత్రం అర్థమైంది. ఆమె గుప్పిట్లోంచి చీల లాక్కుని ఒక్కడే గడప దాటాడు.

తుపాకీ చప్పుడు మంచులో మెత్తగా వినిపించింది. చీల దొర్లుకుంటూ పోయి వరండా చివర ఆగింది.

లీల వెనక్కొచ్చి, తాడు దాటి, బెంచీ మీద కూలబడింది. "ధర్మారావుగారి అడ్రస్ ఇచ్చింది నేనే. దొంగతనమే అన్నారు. చంపుతారనుకోలేదు."

గౌరీశంకర్ తన నీళ్ల బాటిల్ ఇచ్చాడు. ఆమె ఎత్తి తాగింది. సగం స్కార్ఫ్ మీద పడ్డాయి.

"ఆరోజు ఎయిర్‌పోర్టులో ఎందుకు పిలవలేదు?"

"అపశకునమని."

"మంచి శకునం చూసే పంపించావు," అంటూ చేతులు ముందుకు చాపింది. అతను సంకెళ్లు వేశాడు.

వంటింటి వైపు నుంచి మ్యూజియం పెద్దావిడ పరిగెత్తుకొచ్చింది. గడప అవతల శవం, ఇవతల సంకెళ్లు. ఆమె చూపు మాత్రం బెంచీ మీదే నిలిచింది.

"సర్, దాని మీద కూర్చోకూడదు! వందేళ్ల నాటిది."

"వెళ్లిపోతుందండీ," అన్నాడు గౌరీశంకర్. "నీళ్లు తాగేసింది."