దసరా నాడు తిరిగిన లేత్

1986 దసరా పొద్దున తొమ్మిదీ పదికి, బొంబాయి గ్రాంట్ రోడ్ స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. పేరు బుచ్చయ్య. హైదరాబాదులో ఒక మెటల్ ల్యాబ్‌లో సైంటిస్టు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్ర మచ్చ. ఒళ్లో ఉండాల్సిన అల్యూమినియం డబ్బా లేదు.

పన్నెండింటికల్లా ఏజెంట్ రాజలింగం దాదర్‌లో చీఫ్ శంకర్రావు ముందు నిలబడి ఉన్నాడు.

"డబ్బాలో ఏముంది సార్?"

"టర్బైన్ వీల్. అరచేతిలో పడుతుంది. రేసు కారు టర్బో ఇంజన్‌లో నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. ఇంజన్ సప్లై చేసేది యూరప్‌లో ఓరియన్ కంపెనీ. వీల్ లోహం మాత్రం మనది. ఓరియన్‌ని ఓడించలేక వాల్‌డెక్ అనే ఇంకో ఇంజన్ కంపెనీ నాలుగేళ్లుగా కుళ్లి చస్తోంది. వచ్చే ఏడాది ఛాంపియన్ టీమ్ ఎవరి ఇంజన్ కొంటుందో ఈ సీజన్ చివరి రేసులో తేలిపోతుంది."

"అందుకని దొంగిలించారు."

"ఒట్టి దొంగతనమే అయితే పండగ పూట నిన్ను పిలుస్తానా? మామూలు స్టీలుతో నకిలీ వీల్ పోత పోసి తెచ్చారు. అసలుదాన్ని పక్కన పెట్టుకుని రెక్కలు అచ్చంగా అలాగే చెక్కించి, అదే డబ్బాలో, బుచ్చయ్య కాగితాలతో, అయిదు గంటల ఫ్లైట్‌కి ఎక్కిస్తారు. మూడొందల కిలోమీటర్ల స్పీడులో అది ముక్కలవుతుంది. డ్రైవర్ బూడిద. ఓరియన్ పనీ, మన ల్యాబ్ పేరూ గోవిందా."

"ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే?"

"నకిలీ దొరుకుతుంది, అసలుది మాయమవుతుంది. అది లేకుండా ఓరియన్ రేసుకే రాలేకపోతుంది. వాల్‌డెక్‌కి అదీ పండగే." శంకర్రావు కళ్లద్దాలు తీశాడు. "అంత సన్నటి రెక్కలు చేత్తో చెక్కగలవాడు బొంబాయి మొత్తానికి ఒక్కడే. ఎవరో నీకు నేను చెప్పనక్కర్లేదు."

రాజలింగానికి తెలుసు. లస్మయ్య. తన మేనమామ. తల్లీ తండ్రీ పోతే, కామాటిపురా ఆరో గల్లీలో, లోహం చెక్కే లేత్ మిషన్ పక్కన చాప పరిచి పెంచిన మనిషి.

"మా మామ అమ్ముడుపోడు సార్."

"పోకపోతే సంతోషం. పోయుంటే బుచ్చయ్య హత్యలో అతనూ ముద్దాయే. ఉరి తప్పదు. సంకెళ్లు నువ్వే వెయ్యాలి."

మూడు గంటలకు ఆరో గల్లీలో "స్టవ్ రిపే...ర్!" అని కేక వినపడింది. నూనె మరకల చొక్కా, భుజాన సంచీ, చేతిలో ఇత్తడి పంపు. మన ఏజెంటే. వరస గదుల చాల్ మెట్ల దగ్గర నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీరతో తారాబాయి నిలబడి ఉంది. గల్లీ మొత్తానికి సరిపడా సెంటు పూసుకుంది. వాల్‌డెక్ ముఠాలో చేరి శంకర్రావుకు కబుర్లు అందించే మనిషి.

"ఏమయ్యా, నా స్టవ్ ఎర్రగ మండుతుంది."

"పిన్ను పెట్టి పొడిస్తె నీలంగ అయితది బాయీ."

కోడ్ కలిసింది. తారాబాయి గొంతు తగ్గించింది. "లేత్ షెడ్డుకు తాళముంది. మీ మామ పూజకు దాదర్ పోయిండట. ముఠావాళ్లు సహార్ ఎయిర్‌పోర్టు కాడ గోదాముల ఉన్నరు. జల్దీ నడువ్, టాక్సీ పెట్టిన."

ఇద్దరూ నడిచారు. కామాటిపురాలో తెలుగువాడి పనిముట్టుకు ఏడాదికి ఒక్కరోజే సెలవు, అది దసరా. మనిషికి ఆ ఒక్కరోజూ లేదనుకోండి, అది వేరే కథ. తాపీలు, పారలు, సుత్తులు గోడవారగా పసుపు కుంకుమలు పెట్టుకుని కూర్చున్నాయి. వాటిని ముట్టుకుంటే అరిష్టం. లస్మయ్య అయితే ముప్పై ఏళ్లలో ఒక్క దసరాకీ లేత్ స్విచ్చి మీద వేలు పెట్టలేదు.

టప్... టప్... టప్.

రాజలింగం కాళ్లు ఆగిపోయాయి. మామ లేత్ బెల్టు అతుకు చక్రానికి తగిలే చప్పుడు. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటేనే నిద్రపట్టేది. మామ దసరా నాడు పని చేస్తున్నాడు. అంటే అమ్ముడుపోయాడు.

"తారాబాయీ, తాళమేసిన షెడ్డుల లేత్ ఎవరు నడుపుతున్నరు?"

ఆమె నవ్వింది. పర్సులోంచి లిప్‌స్టిక్ అంత పిస్తోలు బయటికొచ్చింది. "నీకు చెవులు ఎక్కువున్నయి లింగం. వాల్‌డెక్ వాళ్లు పారిస్‌ల ఫ్లాట్ ఇస్తమన్నరు. మీ శంకర్రావు ఇన్నేండ్లల్ల ఏమిచ్చిండు? ఛాయ్!"

ఇత్తడి పంపు కస్సుమంది. అందులో ఉన్నది కిరసనాయిలు కాదు, గుంటూరు కారం కలిపిన నీళ్లు. తారాబాయి కెవ్వుమని కళ్లు మూసుకుంది. నల్లా దగ్గర నీళ్లు పడుతున్న బాలమ్మ "ఆడిదాని మీద చెయ్యేస్తవారా!" అని మీదికొచ్చి, కింద పడ్డ పిస్తోలు చూసి మాట మార్చుకుంది. నిండు బిందె ఎత్తి తారాబాయి నెత్తిన బోర్లించి, ఆమెను పడేసి మీద కూర్చుంది.

రాజలింగం షెడ్డు రేకుల మీదికి ఎగబాకి, వెంటిలేటర్‌లోంచి తొంగిచూశాడు. ఫైల్లో ఫొటో చూసిన వాల్‌డెక్ మనిషి క్రామ్ గోనెపట్టా తెర తీసుకుని లోపలికొస్తున్నాడు. ఇంతసేపూ ఇనుప పొడికి భయపడి తెర అవతలే కూర్చున్నట్టున్నాడు. లస్మయ్య లేత్ ఆపి, గ్రీసు పూసిన వీల్ ఉన్న డబ్బా ఒకటి, గుడ్డ మూట ఒకటి అందించాడు.

"ఖతమ్?"

"ఖతమ్ సాబ్. డబ్బల కొత్తది, గుడ్డల పాతది."

క్రామ్ మూట జేబులో వేసుకుని, డబ్బా బల్ల మీద పెట్టి, పెన్ను తీశాడు. పెన్ను కొసన సన్నటి సూది మెరిసింది. బుచ్చయ్య మెడ మీద మచ్చ ఎలా వచ్చిందో రాజలింగానికి అప్పుడర్థమైంది. లస్మయ్య కదల్లేదు. కళ్లు మూసుకుని "అమ్మా పోచమ్మా" అన్నాడు.

వెంటిలేటర్ విరిగింది. రాజలింగం క్రామ్ వీపు మీద పడ్డాడు. సూది గోనెపట్టాలో దిగబడింది. స్టవ్ సామాన్ల సంచీ ఒక్కటే దెబ్బ, క్రామ్ బోర్లాపడ్డాడు.

మూడూ యాభై. రాజలింగం క్రామ్‌కి సంకెళ్లు వేసి లేచాడు. మామ ముఖం చూడలేకపోయాడు. డబ్బాలోంచి వీల్ తీసి ఇనుప దిమ్మ మీద పెట్టాడు. ఒక మనిషిని కాల్చి చంపబోయే వస్తువు అది. తనను పెంచిన చేతులే చేశాయి. ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. రెండు చేతులా సుత్తి ఎత్తాడు.

"అరే, ఆగు పోరడా!" లస్మయ్య ఉరికొచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. సుత్తి అంగుళం పక్కన పడింది. "గదే అసల్ది!"

"అసల్దా? మరి నువ్వు చెక్కింది?"

"నేనేడ చెక్కిన? దసరా నాడు లోహం మీద ఉలి పెడ్తనారా? మిషిన్ ఖాళీగ తిప్పిన. వాడు తెరవతల చప్పుడు ఇన్నడు, పనైతుందనుకున్నడు. మంచిది దాచుకొని ఉత్తది పంపుతుండంటే ఎవనికో మూడినట్టే గదా! అందుకే అసల్ది డబ్బల పెట్టిన. ఉత్తదానికి గూడ దట్టంగ గ్రీసు పూసి గుడ్డల జుట్టిన."

"గ్రీసు తుడిచి చూసుంటే?"

"సంపుతుండె." లస్మయ్య వీల్‌ని డబ్బాలో పెట్టి మూత వేశాడు. "శాన భయమైందిరా లింగా."

"దొంగనుకున్న మామా. నిన్ను." రాజలింగం మామను గట్టిగా పట్టుకున్నాడు. చేతిలోని సుత్తి కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

నాలుగున్నరకు డబ్బా ఎయిర్‌పోర్టు చేరింది, చీఫ్ పంపిన మనిషి చేతుల్లో. ఇరానీ హోటల్ ఫోన్‌లో రాజలింగం రిపోర్టిచ్చాడు.

"లేత్ తిరిగిందన్నావు. మీ మామ పని చేశాడా లేదా? సూటిగా చెప్పు," అన్నాడు శంకర్రావు.

"ఒక్క గీత కూడా గీయలేదు సార్. ఈ దసరాకి మా గల్లీలో పని చేసిన పాపిష్టివాణ్ని నేనొక్కణ్నే."