గుమ్మడికాయకు తొలి దెబ్బ

ఆదివారం పొద్దున్నే మాణిక్యాంబ దెయ్యాలు వండటానికి కూర్చుంది.

అవును, దెయ్యాలే. అరవై దాటాక, కార్తీకమాసం వచ్చిన రెండో రోజున, దీపం పెట్టుకున్న చేతులతోనే మంత్రగత్తె వేళ్ళు చుట్టాల్సి వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. కానీ మనవరాలు సాయిదుర్గ ఏదైనా అనుకుందంటే అది జరిగి తీరాల్సిందే. మండపేటలో ఆ పిల్ల చదివే బడిలో ఏటా హాలోవీన్ జరుపుతారట. ఈ ఏడు సరిగ్గా ఆ రోజునే దీపావళి వచ్చి బడికి సెలవిచ్చేశారు. సెలవిస్తే ఊరుకునే రకమా? "అయితే ఆదివారం మా ఇంట్లో" అని స్నేహితురాళ్ళందరినీ సాయంత్రానికి పిలిచేసి, ఆ తరువాత తీరిగ్గా ఇంట్లో చెప్పింది.

"దెయ్యాల పండగేంటే? లక్ష్మీదేవిని పిలిచి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే దెయ్యాల్ని పిలుస్తామా?" అంది మాణిక్యాంబ.

"పిలవడం కాదు అమ్మమ్మా! మనమే దెయ్యాల్లా వేషాలు వేసుకుంటాం. నిజం దెయ్యాలొచ్చి, వీళ్ళూ మనవాళ్ళేలే అనుకుని వెళ్ళిపోతాయి."

"మరి తినడానికేంటి?"

"అన్నీ చూస్తే భయమెయ్యాలి. తింటే బాగుండాలి."

"మా అత్తగారి ఆవకాయలాగన్నమాట" అని మాణిక్యాంబ చీర చెంగు నడుముకు దోపింది.

ఫోనులో ఆ పిల్ల చూపించినవన్నీ కేకులూ క్రీములూ. అవి తనవల్ల కాదని చెప్పేసి, తనకొచ్చిన విద్యలోకే దెయ్యాలను దింపింది ఆవిడ. జంతికల పిండిని వేలిలా పొడుగ్గా చుట్టి, కొసన గోరు బదులు బాదంపప్పు నొక్కి నూనెలో వేసింది. సున్నుండలకు రెండు వైపులా కారప్పూస గుచ్చి సాలెపురుగుల్ని చేసింది. కొబ్బరి ఉండ మీద ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకు ముసుగులా కప్పి, కళ్ళకు రెండు లవంగాలు పెట్టేసరికి సాయిదుర్గ గెంతులేసింది. "దెయ్యం అమ్మమ్మా! అచ్చం దెయ్యమే!" అని అరిచింది. తన జీవితంలో ఏ లడ్డూకీ రాని మెప్పు ఈ దెయ్యానికి వచ్చినందుకు మాణిక్యాంబ మురిసిపోయింది.

మురిపెం సంగతి అలా ఉంచితే, ఈ హడావిడి వల్ల ఆవిడకు ఇంకో మేలు కూడా జరిగింది. ఆ రోజు విదియ. అక్కచెల్లెళ్ళ చేతి అన్నం అన్నదమ్ములు తినే రోజు. రెండు వీధుల అవతలే ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు పల్లంరాజు ఆవిడ గడప తొక్కి చాలా ఏళ్ళయింది. అతని కొడుకు మణిదీప్‌కే ఇస్తారనుకున్న మేనకోడలు, ఈవిడ కూతురు సత్యవాణి, తనతో చదువుకున్న నరసాపురం అబ్బాయి రమేష్ బాబును చేసుకున్న నాడు మానేసిన రాకపోకలవి. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా మొహం తిప్పుకుంటాడు. అయినా ఏటా ఈ రోజున మాణిక్యాంబ వాడికిష్టమైనవన్నీ వండి, వీధి తలుపు తెరిచి పెట్టుకుని, పొద్దు వాలేదాకా కూర్చునేది. వాడు రాడు. ఈవిడ కూర్చోవడం మానదు. ఈసారి మాత్రం ఈ దెయ్యాల పని వంకతో మనసు గట్టి చేసుకుని పొయ్యి మీద అన్నం కూడా పెట్టలేదు. పొద్దున వేసిన ఇడ్లీలతోనే అందరూ సరిపెట్టుకోవాలని చెప్పేసింది.

ఇక మిగిలింది గుమ్మడికాయ. సత్యవాణి నిన్న సంతలో ఏరి తెచ్చింది, బాగా పండిన పెద్ద కాయ. లోపలి గుజ్జుతో హల్వా చెయ్యాలి. పైన కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టాలి. సత్యవాణి కాయను గట్టు మీద పెట్టి కత్తి ఎత్తిందో లేదో, మాణిక్యాంబ చేతిలో పిండి వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఆగాగు! నిండు గుమ్మడికాయకి తొలి దెబ్బ ఆడది వెయ్యకూడదే! మగాళ్ళెవరైనా ఒక్క గాటు పెడితే తరవాత నీ ఇష్టం."

"మగాళ్ళెక్కడున్నారమ్మా? ఆయన కాకినాడలో డ్యూటీ దిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. పక్కింటి చిట్టియ్య గారు ఇంటిల్లిపాదీ ద్రాక్షారామం వెళ్ళారు. గుమ్మడికాయ కోసమని వీధిలో నిలబడి ఎవర్ని పిలవమంటావు?"

"అయితే కాయ అలాగే ఉంటుంది."

"బడిలో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. కత్తి పట్టుకోవడం నాకు రాదా? ఏమవుతుందంట?"

"ఏదో అవుతుంది. మా అమ్మ కొయ్యలేదు, నేను కొయ్యలేదు. నా ఇంట్లో నువ్వూ కొయ్యవు."

"మగదిక్కు లేని ఇంట్లో పిల్లకి పండగే ఉండకూడదన్నమాట!"

"మగదిక్కు లేకుండా చేసిందెవరే?" మాణిక్యాంబ గొంతు ఒక్కసారిగా లేచింది. "పిలిస్తే పలికే తమ్ముడు నాకు లేడా? నీ పెళ్ళితో నా పుట్టిల్లే పోయింది కదే!"

మాట బయటికి వచ్చాక గాని, తానేమన్నదో ఆవిడకు తెలియలేదు. సత్యవాణి కత్తి మెల్లగా కింద పెట్టింది.

"ఇన్నేళ్ళల్లో ఒక్కసారి కూడా అనలేదు. నీకు బాధ లేదేమో అనుకున్నానమ్మా."

"నోరు జారిందే తల్లీ..."

"జారలేదులే. ఇప్పటికైనా తెరిచావు."

కళ్ళు తుడుచుకుని, గుమ్మడికాయను చంకనెత్తుకుని బయటికి నడిచింది సత్యవాణి. స్కూటీ వెళ్ళిన చప్పుడైంది. దుప్పటికి కళ్ళ దగ్గర రెండు చిల్లులు చేసుకుని కప్పుకున్న సాయిదుర్గ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఏడుస్తున్నావా అమ్మమ్మా?"

"నూనె పొగే."

"వేళ్ళు మాడిపోతున్నాయి."

"మాడనీ. మంత్రగత్తె చేతులు తెల్లగా ఉంటాయా?" అంది మాణిక్యాంబ, గబగబా వాటిని దేవేస్తూ. ఆ నవ్వులో ఏడుపే ఎక్కువ ఉంది.

కాసేపటికి స్కూటీ తిరిగొచ్చింది. కిటికీలోంచి చూసిన మాణిక్యాంబ చేతిలోని చిల్లుల గరిటె జారి పళ్ళెంలో పడింది. కూతురి వెనక సీటులో, తెల్ల పంచె ఒకవైపు సర్దుకుంటూ, ఒడిలో గుమ్మడికాయను పసిపిల్లలా పట్టుకుని పల్లంరాజు! ఊళ్ళో కారు దిగకుండా తిరిగే మనిషి మేనకోడలి స్కూటీ ఎక్కి వచ్చాడు. మీసాలు బాగా నెరిశాయి. చిక్కిపోయాడు కూడా.

అతను గేటు దాటి వాకిట్లో ఆగిపోయాడు. గుమ్మంలోకి వచ్చిన అక్క వైపు చూడలేదు. కొబ్బరిచెట్టుకు చెబుతున్నట్టుగా అన్నాడు.

"కత్తి తెండి. ఇక్కడే కొట్టేసి పోతాను. లోపలికి మాత్రం రాను."

సత్యవాణి కత్తి తెచ్చి ఇచ్చింది. పల్లంరాజు పంచె ఎగ్గట్టి, దణ్ణం పెట్టుకుని, ఒక్కటే వేటు వేశాడు. కాయ నిలువునా రెండు చెక్కలై గింజలు వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. ఎలా ఉందన్నట్టు అతను మీసం మీద చెయ్యి వేసుకునే లోపే దుప్పట్లోంచి కేక వినిపించింది.

"అయ్యో! మొహం పోయింది!"

పల్లంరాజు అదిరిపడ్డాడు. "ఎవరి మొహం?"

"గుమ్మడికాయది! కళ్ళూ ముక్కూ పెట్టి దీపం పెట్టాలి. కాయ కాయలాగే ఉండాలి. పైన మూతొక్కటే తియ్యాలి!"

"గుమ్మడికాయంటే పగలగొట్టడమే తెలుసు గానీ, దానికో మొహం ఉంటుందని నాకేం తెలుసు?" అన్నాడతను నీరసంగా. "ముందే చెప్పాలి కదా!"

సాయిదుర్గ దుప్పటి తీసేసింది. కళ్ళ నిండా నీళ్ళు. అయినా పెంపకం ఎక్కడికి పోతుంది? ఎంతో మర్యాదగా అడిగింది.

"మీరెవరండీ? మా పండగంతా పాడుచేసేశారండీ."

పల్లంరాజు మొహం నల్లబడిపోయింది. అక్క పోలికలన్నీ పుణికిపుచ్చుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల తనను మీరెవరని అడుగుతోంది. కత్తి కింద పెట్టి గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

మాణిక్యాంబ గుమ్మంలోనే కూలబడింది. వాకిలి దాకా వచ్చిన తమ్ముడు! మంచినీళ్ళన్నా తాగమని అడగలేకపోయింది. అడిగితే వద్దంటాడేమోనని భయం.

"అసలేమని పిలిచావే?" అంది కూతుర్ని.

సత్యవాణి పక్కనే కూర్చుంది. "పెళ్ళి విషయంలో నేను తప్పు చెయ్యలేదు మావయ్యా అన్నాను. కానీ మీ దగ్గరికి నేనే వచ్చి చెప్పాల్సింది, ధైర్యం లేక దాక్కున్నాను, మీరు బజార్లో ఎవరి నోటో విన్నారు, దానికి మాత్రం క్షమించండి అన్నాను. లేచి చెప్పులేసుకున్నాడు."

మాణిక్యాంబ కూతురి తల నిమిరింది. వాడు వచ్చినా రాకపోయినా, ఈ పిల్లను ఇంకెప్పుడూ ఒక్క మాట అనకూడదని గట్టిగా అనుకుంది.

ఇద్దరూ గుమ్మడి చెక్కలు లోపలికి తెచ్చి కోరి, నెయ్యి వేసి హల్వా మొదలుపెట్టారు. అది దగ్గర పడి ఘుమఘుమలు వీధిలోకి పాకే వేళకి గేటు చప్పుడైంది. రెండు చేతులా రెండు గుమ్మడికాయలతో పల్లంరాజు! చొక్కా నిండా మట్టి, తలలో పాదు ఆకు.

"మా డాబా మీద కాసినవి. ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుందని రెండు తెచ్చాను" అని అరుగు మీద చతికిలబడ్డాడు. "రా తల్లీ. ఏ మొహం కావాలో చెప్పు."

సాయిదుర్గ క్షణంలో ఏడుపు మరిచిపోయింది. కళ్ళు ఇలా, ముక్కు అలా, పళ్ళు వంకరగా అంటూ అజమాయిషీ మొదలుపెట్టింది. ఊళ్ళో పదిమందికి పంచాయితీ చెప్పే పల్లంరాజు నాలుక బయటపెట్టి, చెప్పినట్టల్లా చెక్కాడు. చివర్లో తన సొంత తెలివితో ముక్కు కింద రెండు మెలికలు తిప్పాడు.

"దెయ్యాలకి మీసాలుండవండీ!"

"గోదావరి దెయ్యానికి ఉంటాయి. ఈ అండీ ఏంటి? నేను నీకు తాతయ్యని. మీ అమ్మమ్మ తమ్ముణ్ణి."

రెండో కాయకు పైన ఒక్క గాటు పెట్టి, కత్తి సత్యవాణి చేతికిచ్చాడు. "తొలి దెబ్బ నేను వేశాను. మిగతాది నువ్వు కొయ్యి. మీ ఆయనొచ్చాక నేను కోశానని చెప్పు." కాస్త ఆగి, తల దించుకుని అన్నాడు. "మా మణిదీప్ పెళ్ళాం బిడ్డల్తో హాయిగా ఉన్నాడమ్మా. వాడికి ఏ బాధా లేదు. కోపం నా ఒక్కడికే మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు."

సత్యవాణి ఏడుస్తూ అతని భుజం మీద తల పెట్టేసింది.

పల్లంరాజు కొళాయి దగ్గరికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. గడప ముందు ఒక్క క్షణం నిలబడి, కుడికాలు లోపల పెట్టాడు.

"ఆకు వెయ్యక్కా. ఇవాళ విదియని నాకు తెలీదనుకున్నావా? ఏటా ఈ రోజున ఇంట్లో ఏదో వంక పెట్టి అన్నం మానేసేవాణ్ణి. పరాయి చేత్తో తినబుద్ధయ్యేది కాదు."

మాణిక్యాంబ ఏడ్చేసింది.

"ఒరేయ్, ఏటా వండి నీ కోసం కూర్చున్నాన్రా! ఈ ఒక్క ఏడే వండలేదు. నువ్వొచ్చే రోజుకి నా ఇంట్లో అన్నం మెతుకు లేదు. అన్నీ దెయ్యాలే!"

"అయితే దెయ్యాలే పెట్టు."

అరిటాకు వేసి వడ్డించింది. ఆకు మీద మాడిన వేళ్ళు, కాళ్ళు చాపిన సాలెపురుగులు, లవంగాల కళ్ళతో మిటకరించి చూస్తున్న ముసుగు దెయ్యం, మధ్యలో పొగలు కక్కుతున్న గుమ్మడి హల్వా. ఇలాంటి విస్తరి ముందు ఏ తమ్ముడూ కూర్చుని ఉండడు. మాణిక్యాంబ ఒక వేలు తీసి అతని నోటికందించింది. పల్లంరాజు కరకరా నమిలాడు. నములుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారి మీసాల్లోకి దిగిపోయాయి.

"తాతయ్యా, భయమేసిందా?" అంది సాయిదుర్గ ఆశగా.

"వేసింది తల్లీ" అన్నాడతను. "ఇది తినకుండానే పోతానేమోనని ఇన్నేళ్ళూ చాలా భయమేసింది."

మాణిక్యాంబ నవ్వుతూ, ఏడుస్తూ, ఇంకో వేలు తీసి తమ్ముడి నోట్లో పెట్టింది.